డ్రెయిన్ గట్టు మీది నివ్వరి ఎవరిది?

కార్తీకమాసం మొదట్లో ఒక రోజు పొద్దున్నే పెదనాన్నతో చేలోకి వెళ్ళాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఊరి నీళ్ళన్నీ మోసుకుపోయే మురుగు డ్రెయిన్ ఒకటి మా చేను పక్కనుంచే పోతుంది. దాని గట్టు కింద, మోకాలి లోతు నీళ్ళలో, వరి దుబ్బుల్లాంటివి నాలుగైదు కనపడ్డాయి. ఎవరూ ఊడ్చినవి కావు. ఎన్ను పల్చగా ఉంది. గింజ సన్నగా, నల్లగా. ప్రతి గింజకీ వేలెడు పొడవు ఎర్రటి మీసం. చెయ్యి చాపి ఎన్నుని దగ్గరికి లాగేసరికి సగం గింజలు నీళ్ళలో రాలిపోయాయి.

"అలా లాగితే నీ చేతికేం మిగలదురా. దాన్ని కొయ్యరు, బుట్టలోకి దులుపుకుంటారు. అదీ తెల్లారగట్ల, మంచు మీద. ఎండెక్కితే మనకోసం ఆగదది" అన్నారు పెదనాన్న.

అది నివ్వరి. చేతిలో మిగిలినవి ఇరవై గింజలుంటాయేమో, రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చాక ఒక అనుమానం పట్టుకుంది. వీటిని నేను తీసుకోవచ్చా? ఎవరికైనా పంపొచ్చా? ఏదైనా విత్తన బ్యాంకుకి ఇస్తే దాచుకుంటారా, దాచుకుంటే ఆ తర్వాత అవి ఎవరివి? సమాధానం ఒక్క ముక్కలో వస్తుందనుకున్నాను. నాలుగైదు చట్టాలు, రెండు అంతర్జాతీయ ఒప్పందాలు, ఢిల్లీ నుంచి మా పంచాయతీ దాకా ఓ అరడజను సంస్థలు తగిలాయి.

ముందు నివ్వరి సంగతి. గుళ్ళో మంత్రపుష్పం చదివేటప్పుడు "నీవారశూకం" అనే మాట వస్తుంది. నివ్వరి గింజ మీసం అని అర్థం. అంత సన్నగా ఉంటుందని పోలిక. ఋషిపంచమి నాడు నాగలి తగలని నేలలో పండింది తినాలంటారు, అప్పుడూ దీని పేరే వినపడుతుంది. 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉండి ఈ తీరం మొక్కల్ని వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ దీని గురించి రాశాడు. సర్కారు జిల్లాల్లో చెరువుల అంచున ఇది దానంతటది పెరుగుతుందని, తెలుగువాళ్ళు నివ్వరి అంటారని, కలిగినవాళ్ళు ఈ బియ్యాన్ని మెచ్చి తింటారని, దిగుబడి తక్కువ కాబట్టి ఎవరూ సాగు చెయ్యరని. మనం పండించే వరికి మూలం ఇదేనని ఆయన నమ్మకం. ఇప్పటి శాస్త్రం కూడా దీన్ని వరికి అతి దగ్గరి చుట్టంగానే లెక్కేస్తుంది. 1965లో ఈ జాతికి ఖాయమైన శాస్త్రీయ నామం ఒరైజా నివారా.

ఇలాంటి మొక్కని "అడవి మొక్క" అనడం నాకంత నచ్చదు. కోనసీమలో అడవేది? మడ అడవులు తప్ప మిగిలిందంతా చేలు, తోటలు, చెరువులు, గట్లు. ఇక్కడ అడవి జాతులు బతికేది పంట కాలువ వారన, డ్రెయిన్ అంచున, రోడ్డు పక్క గుంటలో, లంకల కొసల్లో. అంటే ఎవరూ పట్టించుకోని జాగాల్లో. చట్టం దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతే పెద్ద చిక్కవుతుంది.

ఈ ముళ్ళగడ్డి లాంటి వరిని దాచుకోవాల్సిన అవసరం ఏముందంటే, సుడిదోమ గురించి చెప్పాలి. దోమపోటుతో చేను మధ్యలో గుండ్రంగా మాడిపోవడం డెల్టా రైతుకి కొత్త కాదు. ఆ దోమ గ్రాసీ స్టంట్ అనే వైరస్‌ని కూడా మోస్తుంది. అది సోకిన దుబ్బు గిడసబారి, గడ్డిలా గుబురుకట్టి, ఎన్ను వెయ్యదు. 1970ల మొదట్లో ఆసియాలో ఈ తెగులు ముదిరినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న 6 వేలకు పైగా నమూనాల్ని పరీక్షించింది. తట్టుకున్నది ఒక్కటే. ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి. దాని గుణాన్ని మామూలు వరిలోకి ఎక్కించి ఐఆర్ 28, ఐఆర్ 30, ఐఆర్ 36 లాంటి రకాలు తీశారు. ఐఆర్ 36 ఒక దశలో కోటి హెక్టార్లకు పైగా పండింది. మన మార్టేరు కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణని కూడా నివ్వరితో సంకరం చేసి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు కొత్త వరసలు తయారుచేశారు. డెల్టా అంతా దున్నేసిన స్వర్ణకి, గట్టు కింద నక్కి ఉన్న నివ్వరికి అలా మళ్ళీ చుట్టరికం కలిసింది.

ఇక బ్యాంకు. ఢిల్లీ పూసా ప్రాంగణంలో జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ఉంది. పేరు నోరు తిరగదు కాబట్టి అందరూ ఎన్‌బీపీజీఆర్ అంటారు. దాని జాతీయ జీన్ బ్యాంకులో 4 లక్షలకు పైగా నమూనాలున్నాయి. ప్రాంతీయ కేంద్రం ఒకటి రాజేంద్రనగర్‌లో ఉంది. అక్కడికి నా రుమాలు మూట పట్టుకెళ్తే గింజలకంటే ముందు కాగితం అడుగుతారు. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎలాంటి నేల, స్థానికంగా ఏమంటారు. దాన్ని పాస్‌పోర్టు సమాచారం అంటారు. అది లేని గింజ ఊరూ పేరూ లేని మనిషితో సమానం. దేశంలో దొరికినదానికి ఐసీ అనే అక్షరాలతో, బయటనుంచి వచ్చినదానికి ఈసీ అనే అక్షరాలతో నంబరు పడుతుంది. ఆ నంబరు పడ్డాక గింజలు ఆరబెట్టే గదిలోకి పోతాయి. ఎండలో కాదు, చల్లని పొడిగాలిలో. తేమ 5 నుంచి 7 శాతం దగ్గరికి దిగాక అల్యూమినియం రేకు పొట్లంలో గాలి చొరకుండా సీలువేసి, మైనస్ 18 డిగ్రీల గదిలో పెడతారు. కొన్నేళ్ళకోసారి కాసిని తీసి మొలక చూస్తారు. మొలక శాతం పడిపోతే మళ్ళీ పొలంలో వేసి కొత్త గింజ తీసి దాస్తారు.

దీనికో మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్ళీ రెట్టింపు. ఈ లెక్క తెలిశాక మా అమ్మమ్మ విత్తనాల కుండ గుర్తొచ్చింది. వేపాకు వేసి, బూడిద చల్లి, మూతికి గుడ్డ కట్టి ఎంత జాగ్రత్తగా దాచినా సంవత్సరం దాటితే నమ్మకం లేదనేది. తప్పు కుండది కాదు, కోనసీమ గాలిది. ఇక్కడ ఎండాకాలంలో కూడా గాలిలో తడి ఉంటుంది. కుండలో దాచింది మళ్ళీ సార్వాకి పనికొస్తే చాలు, యాభై ఏళ్ళ తర్వాత ఎవరికో కావాలని ఆ కాలంలో ఎవరనుకుంటారు.

నా ఇరవై గింజలు మాత్రం బ్యాంకుకి చాలవు. వందలు, వేలు కావాలి. అవీ ఒక్క దుబ్బువి కాకుండా వీలైనన్ని మొక్కలనుంచి ఏరాలి. అలాగని ఉన్నదంతా ఊడ్చెయ్యకూడదు. ఆ రోజు పండిన గింజల్లో అయిదో వంతుకి మించి తీసుకోవద్దని లండన్‌కి దక్షిణాన ఉన్న మిలీనియం సీడ్ బ్యాంకువాళ్ళు పెట్టుకున్న నియమం. 2000లో మొదలైన ఈ బ్యాంకు ప్రత్యేకత ఏంటంటే, అది దాచేవి ప్రధానంగా అడవి జాతుల్ని. 240 కోట్లకు పైగా గింజలున్నాయక్కడ. మన వార్తల్లో తరచు కనపడే నార్వే స్వాల్‌బార్డ్ మంచు గిడ్డంగి అలాంటిది కాదు. 2008లో తెరిచిన ఆ గిడ్డంగి ముఖ్యంగా పంటల విత్తనాలకి, అదీ వేరే బ్యాంకుల్లో ఉన్నవాటికి నకలు. పెట్టె ఎవరు పెడితే వాళ్ళదే, నార్వేవాళ్ళు మూత కూడా తియ్యరు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి బ్యాంకు చేజారినప్పుడు 2015లో దాన్ని నడిపిన సంస్థ తన పెట్టెల్ని వెనక్కి తెచ్చుకుంది. లదాఖ్‌లో చాంగ్ లా కనుమ దగ్గర మనకీ అలాంటి చలి గిడ్డంగి ఒకటి ఉంది.

దాచడం వరకు బాగానే ఉంది. చిక్కంతా తీసుకోవడం దగ్గర.

ఆ ఉత్తరప్రదేశ్ నివ్వరి ఫిలిప్పీన్స్ చేరిన రోజుల్లో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. విత్తనం మానవజాతి ఉమ్మడి ఆస్తి అన్న భావన నడిచేది. 1983లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దేశాల చేత ఒప్పించిన అవగాహనలో కూడా అదే మాట ఉంది. కానీ ఉమ్మడి అన్న చోట నుంచి తీసుకెళ్ళినదాని మీద తర్వాత పేటెంట్లు రావడం మొదలైంది. పేద దేశాలకి ఒళ్ళు మండింది. 1992లో రియోలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం ఆ లెక్క తిరగరాసింది. ఏ దేశంలో ఉన్న జీవసంపద మీద ఆ దేశానిదే సార్వభౌమ హక్కు. ఇది 1993 డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది, మరుసటి ఏడు మనం చేరాం. ఆ తర్వాత కూడా అమెరికా 1995లో పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చింది, మనం పోరాడితే 1997లో రద్దు చేసింది. 2002లో మన జీవవైవిధ్య చట్టం తయారయ్యేటప్పుడు ఈ గొడవలన్నీ అందరి బుర్రల్లోనూ ఉన్నాయి. అందుకే ఆ చట్టం కాపలాదారు చూపుతో ఉంటుంది. మొక్క బాగోగులకంటే, దాన్ని ఎవరు పట్టుకుపోతున్నారన్నదే దానికి ముందు కనపడుతుంది.

పైన చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, మధ్యలో రాష్ట్ర మండలి, కింద పంచాయతీ స్థాయిలో యాజమాన్య కమిటీ. గట్టు మీద నన్ను ఈ చట్టం అడిగేవి రెండే ప్రశ్నలు. నువ్వెవరు? దేనికి? నేను ఇక్కడే ఉండే భారత పౌరుణ్ణి, చదువుకోసమో సరదాకో తీసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యాపారానికైతే రాష్ట్ర మండలికి ముందే తెలియజేయాలి. మా ఊళ్ళో వాటిని పెంచేవాళ్ళకీ, నాటువైద్యులకీ ఆ బాధ కూడా లేదు.

ఇప్పుడు మా పిన్ని కొడుకు సంగతి చూడండి. డాలస్‌లో ఉంటాడు, పరిశోధనలో ఉన్నాడు, సంక్రాంతికి వస్తాడు. పాస్‌పోర్టు మన దేశానిదే. కానీ ఆదాయపు పన్ను లెక్కలో ప్రవాసి అయితే చాలు, ఈ చట్టానికి అతనూ విదేశీయుడూ ఒకటే. పరిశోధన కోసం మన గట్టు మీది గడ్డిపరక తీసుకోవాలన్నా చెన్నై అనుమతి కావాలి. 2023లో చట్టాన్ని బాగా సవరించి జైలుశిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు గానీ, ఈ ముక్క మారలేదు. "మన చేను గట్టు మీద నాకు వీసా కావాలా అన్నయ్యా!" అని నవ్వాడు వాడు. నాకైతే ఇందులో అన్యాయం కనపడలేదు. గింజ చేరేది వాడి ఇంటికి కాదు, వాడు పనిచేసే చోటికి. చట్టం చూసేది అదే.

అయితే నివ్వరి విషయంలో వాడికో మినహాయింపు ఉంది. 2001లో కుదిరి 2004లో అమల్లోకి వచ్చిన మరో అంతర్జాతీయ ఒడంబడిక పంటల కోసం ప్రత్యేకంగా పుట్టింది. ఏ దేశమూ తిండి విషయంలో ఒంటరిగా బతకలేదు కాబట్టి, 64 పంటల జన్యుసంపదని ఒకే రకం ఒప్పంద పత్రం మీద పంచుకుందామని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. ఆ పట్టికలో వరి ఉంది, వరి అన్న చోట రాసింది ఒరైజా అనే ప్రజాతి పేరు, అంటే దగ్గరి చుట్టాలైన జాతులన్నిటి ఇంటిపేరు. కాబట్టి నివ్వరీ అందులోకే వస్తుంది. 2014 డిసెంబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, ఆ పట్టికలోని పంటల్ని తిండికీ వ్యవసాయానికీ సంబంధించిన పరిశోధన, కొత్త రకాల తయారీ, శిక్షణ వరకు విదేశీయుల మీది ఆంక్షలనుంచి మినహాయించింది. అలాగని కవర్లో పెట్టి పోస్టు చెయ్యడానికి లేదు. ఎన్‌బీపీజీఆర్ ద్వారా, ఒప్పంద పత్రంతో, తెగుళ్ళు లేవన్న సర్టిఫికెట్‌తో వెళ్ళాలి. నివ్వరి పక్కనే మొలిచిన మరో గడ్డి ఆ పట్టికలో లేకపోతే దానికి చెన్నై దారే. పక్కపక్క దుబ్బులు, ఒకే బురద, రెండు దారులు.

ఇంకా తమాషా ఉంది. ఏటి మొగల దగ్గర, ఆటుపోట్లకి మునిగి తేలే ఉప్పు బురదలో పెరిగే అడవి వరి ఒకటి మన దేశపు తీరాల్లో ఉంది. చవుడు తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్తలు దాని వెంట పడుతున్నారు. దీనికి ఒరైజా కోఆర్క్‌టాటా అని పేరు పెట్టింది మన సామర్లకోట రాక్స్‌బర్గే. 1965లో దీన్ని వరి ప్రజాతి నుంచి విడదీసి పోర్టెరేసియా అన్నారు. ఇప్పుడు జన్యువులు చూసి మళ్ళీ ఒరైజాలోకే తెచ్చారు. పట్టికని అక్షరాలా చదివితే, పేరు మారినప్పుడల్లా ఈ మొక్క ఒడంబడిక లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండాలి. బురదలో దానికేం తెలుసు?

రైతు వైపు నుంచి చూస్తే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం నాకు వీటన్నిటికంటే దగ్గరగా అనిపించింది. రైతు రకం అనే మాటకి అది ఇచ్చిన నిర్వచనంలో, రైతులకి తెలిసిన అడవి చుట్టాలు కూడా ఉన్నాయి. అంటే మా పెదనాన్న "కొయ్యరు, దులుపుకుంటారు" అన్నారే, ఆ పరిజ్ఞానానికి చట్టంలో ఓ కుర్చీ ఉంది. అలాంటివాటిని కాపాడిన రైతుకి జన్యు నిధి నుంచి గుర్తింపు, బహుమతి రావాలని కూడా రాశారు. సమూహాలకి ఇచ్చే పురస్కారం 10 లక్షల రూపాయలు. కాకపోతే బహుమతి హక్కుకి ఒక మెలిక ఉంది. ఆ గింజ గుణం నమోదుకి అర్హమైన ఏదో ఒక రకంలోకి ఎక్కి ఉండాలి. ఉపయోగపడ్డాక బహుమతి, ఉపయోగపడేదాకా ఊరికే కాపాడు అని.

గోదావరి దాటి కోరింగ వైపు వెళ్తే మళ్ళీ కథ మారుతుంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. లోపల వన్యప్రాణి చట్టానిదే రాజ్యం. ఆ చట్టంలో మొక్కల పట్టికంటూ ఒకటుంది గానీ, 2022 సవరణ దాకా అందులో ఉన్నవి ఆరు పేర్లే. వాటిలో మన తిరుమల కొండల సైకస్ ఒకటి, మడ మొక్క ఒక్కటీ లేదు. అయినా అభయారణ్యం గీత లోపల ఉన్నదేదైనా, ఉప్పు పొన్న అనే మడచెట్టు కాయైనా సరే, తీసుకురావాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పర్మిట్ కావాలి. ఇక్కడ చట్టం నువ్వెవరని అడగదు, ఎక్కడ నిలబడ్డావని అడుగుతుంది. అభయారణ్యం గీత బయట ఉన్న మడకి కూడా తీరప్రాంత నియంత్రణ నిబంధనల అండ ఉంది.

అంత కష్టపడి పర్మిట్ తెచ్చి ఉప్పు పొన్న కాయని బ్యాంకుకి పంపితే వాళ్ళు తీసుకోరు. తీసుకోలేరు. ఆ గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, నేరుగా బురదలో గుచ్చుకుంటుంది. దానికి నిద్ర లేదు, ఆరబెడితే చావే. పనస గింజ, మామిడి టెంక కూడా ఇదే బాపతు. కొబ్బరి సంగతి కోనసీమవాళ్ళకి చెప్పక్కర్లేదు. అంత కాయని ఎండబెట్టి ఫ్రీజర్లో పెడితే కొబ్బరి నూనె వస్తుందేమో గానీ మొక్క రాదు. అందుకే కొబ్బరికి జీన్ బ్యాంకంటే తోటే. దక్షిణాసియా కొబ్బరి రకాల అంతర్జాతీయ బ్యాంకు కర్ణాటకలోని కిదులో చెట్ల రూపంలోనే ఉంది. ఇంతకుముందు చెప్పిన ఉప్పు బురద వరి గింజ కూడా ఆరితే బతకదు. చవుడు నేలలకి ఎక్కువ ఆశ ఉన్న చుట్టమే ఫ్రీజరుకి ఎక్కనంటుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పిండాన్ని మాత్రం దాచే పద్ధతులున్నాయి. ఖర్చు, నైపుణ్యం రెండూ కావాలి, అన్ని జాతులూ లొంగవు కూడా. కాబట్టి డెల్టా అడవి మొక్కల్లో చాలావాటికి అవి నిలబడ్డ బురదే బ్యాంకు.

ఆ బురద సంగతి చూసుకోవాల్సింది ఎవరంటే, కాగితం మీద మా పంచాయతీ కమిటీ. ఊళ్ళో ఉన్న మొక్కా జీవీ రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. వ్యాపారానికి ఏరుకుపోయేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది. ఏళ్ళ తరబడి దేశంలో ఇది చాలాచోట్ల జరగలేదు. 2020 జనవరి ఆఖరుకి పూర్తికాకపోతే నెలకి 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలకి చెప్పాక పరుగులు మొదలయ్యాయి. పరుగులో రాసిన రిజిస్టరు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను చూసిన ఒకదానిలో మామిడి, వేప, తులసి, రావి ఉన్నాయి. నివ్వరి లేదు. చేరుస్తారా అని అడిగితే అక్కడున్నాయన పెన్ను తీసి, పంటల పేజీ తెరిచి, "ఎకరానికి ఎన్ని బస్తాలండి?" అన్నారు. పండించరండి, దానంతటదే మొలుస్తుందంటే, కలుపు పేజీలో రాయమంటారా అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ పుస్తకంలో నివ్వరికి సరిపోయే గడి నాకూ దొరకలేదు.

ఫాల్గుణంలో డ్రెయిన్‌లో పూడిక తియ్యడానికి పొక్లెయిన్ వచ్చింది. రావాల్సిందే, లేకపోతే వానాకాలం చేలు మునుగుతాయి. ఉదయం ఏడింటికి మొదలెట్టి, మా చేను దాకా వచ్చేసరికి పదిన్నర. నివ్వరి ఉన్న మూల ఒక్క బకెట్టుకి లేచి గట్టు మీద పడింది. నన్నూ, మా తమ్ముణ్ణీ అన్ని ప్రశ్నలడిగిన చట్టాల్లో ఒక్కటి కూడా ఆ బకెట్టుని ఆపి అడిగేది కాదు. తీసుకెళ్ళడానికి అనుమతి కావాలి గానీ, తీసి పారెయ్యడానికి అక్కర్లేదు.

నివ్వరి గింజకి నిద్ర గట్టిది, బురదలో ఏళ్ళ తరబడి పడుకోగలదు. ఆషాఢంలో వానలు పడ్డాక ఆ పూడిక కొంత జారి పక్క రైతు చేలోకి కొట్టుకుపోయింది. భాద్రపదంలో వెళ్ళి చూస్తే ఆ చేలో నలుగురు ఆడవాళ్ళు కేళీలు, అంటే వరిలో కలిసి మొలిచిన వేరే మొక్కలు, ఏరుతున్నారు. గట్టు మీద కుప్పేసినవాటిలో ఎర్ర మీసాలవి కనపడ్డాయి.

"ఇవేంటి బాబూ, ఎన్ని పీకినా వస్తున్నాయి" అంది ఒకామె, దుబ్బు వేళ్ళకి అంటిన మట్టి కాలువలో జాడిస్తూ.